ఐదో నిమిషం గెలుపు, నలభయ్యో నిమిషం లెక్క



సెలవులొచ్చాయంటే పిల్లలు ల్యాప్‌టాప్ ముందో, ఫోన్ పట్టుకునో కూర్చుంటారు. "రష్ చేసేశా", "రష్ ఫెయిలైంది, ఇంక పోయినట్టే" లాంటి మాటలు మీ చెవిన పడే ఉంటాయి. మనం వెంటనే అడిగేది ఒక్కటే: "ఇంకెంతసేపు?" ఆ ప్రశ్న అడగాల్సిందే. కానీ ఈ నెల ఇంకో ప్రశ్న గురించి మీతో మాట్లాడాలనిపించింది. అసలు ఈ రష్ అంటే ఏమిటి? అది ఎప్పుడు గెలుస్తుంది, ఎప్పుడు ముంచుతుంది?

ఆటల గురించి స్కూలు పత్రికలో ఎందుకని మీరు అనుకోవచ్చు. పీటీఎంలో మీలో చాలామంది మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: "సార్, మావాడికి ఐఐటీ ఫౌండేషన్ ఏ క్లాసు నుంచి మొదలుపెట్టాలి? ఇప్పటికే లేటైందా?" ఆ ప్రశ్నకు సగం జవాబు పిల్లలు ఆడే ఆటలోనే దొరుకుతుంది.

ఒకే సొమ్ము, రెండు దారులు

నేను చెబుతున్నవి రియల్ టైమ్ స్ట్రాటజీ ఆటలు. చదరంగంలో ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేస్తారు. ఇక్కడ వంతులు ఉండవు. ఇద్దరూ ఒకేసారి ఆడుతుంటారు, గడియారం ఎవరి కోసమూ ఆగదు. 1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్, 1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఈ కోవలో బాగా పేరున్నవి. రెండోదానికి ఇప్పటికీ కొత్త భాగాలు వస్తున్నాయి. 2022లో వచ్చిన 'డైనస్టీస్ ఆఫ్ ఇండియా'లో రాజేంద్ర చోళుడి కథ కూడా ఉంది.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2నే తీసుకుందాం. మామూలు మ్యాచ్‌లో మీకు మొదట ఒక టౌన్ సెంటర్, ముగ్గురు విలేజర్లు, చుట్టుపక్కల చూసి రావడానికి ఒక గుర్రపు రౌతు ఉంటారు. విలేజర్లంటే పనివాళ్లు. వాళ్లు ఆహారం తేవాలి, కట్టెలు కొట్టాలి, బంగారం, రాయి తవ్వాలి. వచ్చిన సంపదతో ఇంకొంతమంది పనివాళ్లను పెంచుకోవచ్చు, లేదా సైనికుల్ని తయారు చేసుకోవచ్చు. చేతిలో ఉన్నది ఒకటే సొమ్ము, ముందున్నవి రెండు దారులు. ఆటలోని కష్టమంతా ఇక్కడే ఉంది.

పనివాళ్లను పెంచుకుంటూ పోయేవాడిది దీర్ఘకాలపు ప్రణాళిక. ఎదుటివాడు నిలదొక్కుకోకముందే ఉన్నదంతా సైనికుల మీద పెట్టి దాడికి వెళ్లేవాడిది రష్. మన పెద్దలు "ఆలస్యం అమృతం విషం" అన్నారు, "నిదానమే ప్రధానం" అని కూడా వాళ్లే అన్నారు. రెండూ నిజమే. ఏది ఎప్పుడు నిజమవుతుందో తెలుసుకోవడమే ఈ ఆటలో నేర్పు.

విత్తనాలు వండుకు తింటే

లెక్కలు చెప్పే టీచర్‌ని కాబట్టి కాస్త లెక్క వేసి చూపిస్తాను.

ఈ ఆటలో ఒక విలేజర్‌ను తయారు చేయడానికి 50 ఆహారం, 25 సెకన్లు పడతాయి. గొర్రెల దగ్గర పనిచేసే విలేజర్ నిమిషానికి సుమారు 20 ఆహారం తెస్తాడు. అంటే రెండున్నర నిమిషాల్లో తన ఖర్చు తానే తెచ్చేస్తాడు. ఆ తర్వాత మ్యాచ్ ముగిసేదాకా తెచ్చేదంతా లాభమే.

ఒక సైనికుడికి, ఆటలో మిలీషియా అంటారు, 1999లో వచ్చిన రూపంలో 60 ఆహారం, 20 బంగారం కావాల్సి వచ్చేది. ముగ్గురిని తయారు చేస్తే 180 ఆహారం, 60 బంగారం. ఈ ముగ్గురూ ఒక్క గింజ కూడా తీసుకురారు. వాళ్ల పని ఎదుటివాడి పనివాళ్లను బెదరగొట్టడం. అది బాగా చేస్తే ఎదుటివాడి పనులు ఆగిపోతాయి, పెట్టిన ఖర్చు గిట్టుబాటవుతుంది. చేయలేకపోతే అది పోయిన ఖర్చే.

పైకి కనిపించని ఖర్చు ఇంకొకటి ఉంది. దాడి చేస్తున్నవాడి కళ్లూ చేతులూ ఆ ముగ్గురు సైనికుల మీదే ఉంటాయి. వెనక సొంత ఊళ్లో టౌన్ సెంటర్ ఖాళీగా పడి ఉంటుంది. 25 సెకన్లకు ఒక విలేజర్ తయారవ్వాలి. రెండు నిమిషాలు మరిచిపోతే దాదాపు ఐదుగురు తగ్గినట్టే. ఆ లోటు పూడ్చుకోకుండా ఆట ఇంకో అరగంట సాగిందనుకోండి. ఐదుగురు, నిమిషానికి 20 చొప్పున, 30 నిమిషాలు: మొత్తం 3,000. కాజిల్ ఏజ్‌కి చేరడానికి 800 ఆహారం, 200 బంగారం కావాలి. ఇంపీరియల్ ఏజ్‌కి 1,000 ఆహారం, 800 బంగారం. రెండూ కలిపితే 2,800. అంటే ఐదో నిమిషంలో మరిచిపోయిన ఐదుగురు పనివాళ్ల విలువ, నలభయ్యో నిమిషానికి రెండు యుగాల ఖర్చంత అవుతుంది!

రైతు కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. విత్తనాల కోసం దాచిన గింజలు వండుకుంటే ఆ పూటకు కడుపు నిండుతుంది. తొలకరి పడ్డాకే అసలు సంగతి తెలుస్తుంది.

స్టార్‌క్రాఫ్ట్‌లో దీన్ని ఇంకా తీవ్రంగా చేస్తారు. అందులో జెర్గ్ అనే పక్షానికి మొదట నలుగురు పనివాళ్లుంటారు. మామూలుగా వాళ్లను తొమ్మిదికో పన్నెండుకో పెంచాక సైన్యం పని మొదలుపెడతారు. 'ఫోర్ పూల్' అనే రష్‌లో మాత్రం ఆ నలుగురితోనే ఆపేసి, వచ్చిన ఖనిజమంతా సైనికుల భవనానికే పెట్టేస్తారు. ఎదుటివాడు తన ఊరి పని చూసుకుంటుండగానే ఆరు జెర్‌లింగులు గుమ్మంలోకి వచ్చేస్తాయి. దెబ్బ తగిలితే ఆట అక్కడికక్కడే అయిపోతుంది. ఎదుటివాడు ఎలాగో తట్టుకున్నాడంటే మాత్రం అతని దగ్గర నిండుగా పనివాళ్లుంటారు, మన దగ్గర ముగ్గురో నలుగురో మిగులుతారు. ఆ తర్వాత ఆడేది ఓడిపోయిన ఆటే.

రష్ తప్పు కాదు

ఇదంతా చదివి రష్ అంటే పిరికితనమనో, మోసమనో అనుకోకండి. దక్షిణ కొరియాలో స్టార్‌క్రాఫ్ట్ పోటీలను టీవీలో, మన క్రికెట్ లాగా చూసేవారు. అక్కడ లిమ్ యో-హ్వాన్ అనే ఆటగాడు ఒక తరానికి హీరో. 'బాక్సర్' అనేది ఆటలో అతని పేరు. 2004 నవంబర్‌లో ఎవర్ స్టార్‌లీగ్ సెమీఫైనల్లో అతను హాంగ్ జిన్-హోతో తలపడ్డాడు. ఇద్దరూ పాత ప్రత్యర్థులు. అభిమానులు హోరాహోరీ పోరు చూడాలని కూర్చున్నారు. లిమ్ వరుసగా మూడు మ్యాచ్‌ల్లోనూ ఒకటే ఎత్తు వేశాడు. తన పనివాళ్లను, సైనికుల్ని ముందుగానే తీసుకెళ్లి ఎదుటివాడి ముంగిట్లోనే బంకర్ కట్టేశాడు. మూడూ చకచకా ముగిశాయి. 3-0.

చాలామంది అభిమానులు ఉసూరుమన్నారు. కొరియాలో ఇప్పటికీ ఆ రోజు గురించి జోకులు వేసుకుంటారు. కానీ లిమ్ చేసింది నిబంధనలకు విరుద్ధం కాదు. ఎదుటివాడు ఎలా మొదలుపెడతాడో ఊహించి, ఆ బలహీన క్షణం మీదే దెబ్బ కొట్టాడు.

తర్వాతి కథ కూడా వినండి. అదే నెలలో ఫైనల్. ఎదురుగా ఉన్నది ఛోయ్ యోన్-సంగ్, లిమ్ జట్టులోనివాడే, అతని శిష్యుడిగా పేరు తెచ్చుకున్నవాడు. ఛోయ్ బలం పనివాళ్లలోనూ, రాబడిలోనూ ఉండేది. ఎదుటివాళ్లు ఇంకా పోగు చేసుకుంటుండగానే అతని సైన్యం ఎక్కడ నుంచి వస్తోందో అర్థం కానంతగా పెరిగిపోయేది. ఆ ఫైనల్లో ఛోయ్ 3-2తో గెలిచాడు. 3-2 అంటే చివరిదాకా పోరాటమే కాబట్టి, రష్ ఓడిపోయిందని నేను తీర్పు చెప్పను. సెమీఫైనల్‌కు పనికొచ్చిన ఎత్తు ఒక్కటే చేతిలో ఉంటే ఫైనల్ దాకా సరిపోదని మాత్రం అంటాను. లిమ్ గొప్పవాడైంది అతనికి మిగతా ఆట కూడా వచ్చు కాబట్టే.

నిదానం కూడా ఊరికే గెలవదు

నిదానమే ప్రధానమని కూర్చునేవాళ్లకూ ఈ ఆటలో ఒక పాఠం ఉంది. ఎదుటివాడు ఏం చేస్తున్నాడో చూడకుండా పనివాళ్లనే పెంచుకుంటూ పోయేవాడు మొదటి దాడికే కూలిపోతాడు. రష్ గెలిచేది ఇలాంటివాళ్ల మీదే. జాగ్రత్తగా రక్షణ ఏర్పాటు చేసుకున్నవాడి మీద రష్ ఓడిపోతుంది. కానీ ఆ రక్షణే లోకంగా కూర్చున్నవాణ్ని, ధైర్యంగా పనివాళ్లను పెంచుకున్నవాడు దాటిపోతాడు. మూడూ ఒకదాన్నొకటి ఓడిస్తాయి. అన్నివేళలా గెలిచే ఎత్తంటూ ఏదీ లేదు.

మరి ఏది ఎంచుకోవాలో ఎలా తెలుస్తుంది? చూసి రావాలి. మొదట ఇచ్చిన ఆ గుర్రపు రౌతు ఉన్నది అందుకే. "కీలెరిగి వాత పెట్టాలి" అనే సామెతను ఆటలో స్కౌటింగ్ అంటారు. బాగా ఆడే పిల్లలు దీన్ని ఒక్క మ్యాచ్‌లో కూడా మరవరు.

ఇంకో ఉదాహరణ. గూగుల్‌కు చెందిన డీప్‌మైండ్ సంస్థ స్టార్‌క్రాఫ్ట్ 2 ఆడటానికి ఆల్ఫాస్టార్ అనే కృత్రిమ మేధను తయారుచేసి 2019 జనవరిలో లోకానికి చూపించింది. అది మొదట మనుషులు ఆడిన మ్యాచ్‌ల నుంచి నేర్చుకుంది. ఆ తర్వాత తన రకరకాల రూపాలతో తానే లీగ్‌లా పోటీపడుతూ నేర్చుకుంది. ఆ లీగ్ తొలి రోజుల్లో త్వరత్వరగా చేసే రష్‌లే బాగా గెలిచాయని, శిక్షణ ముదిరేకొద్దీ ఆ ప్రమాదకరమైన ఎత్తులు వెనకబడి, పనివాళ్లను ఎక్కువగా పెంచుకోవడం వంటివి ముందుకొచ్చాయని ఆ సంస్థే వివరించింది. కారణం ఊహించుకోవచ్చు. అందరూ కొత్తవాళ్లే అయినప్పుడు ఎవరికీ రక్షణ తెలియదు, తొందరపడ్డవాడు గెలుస్తాడు. అందరికీ రక్షణ వచ్చాక తొందర ఒక్కటే చాలదు.

తరువాతి దశలో ఆ లీగ్‌లో కొన్ని రూపాలకు వేరే పని అప్పగించారు. ప్రధాన ఆటగాళ్లలో లోపాలు ఎక్కడున్నాయో వెతికి దెబ్బ కొట్టడం. అంటే దీర్ఘకాలపు ప్రణాళిక గట్టిగా ఉండాలంటే దాన్ని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు పరీక్షిస్తూ ఉండాలి. స్కూల్లో మనం పెట్టే యూనిట్ టెస్టులు కూడా ఇందుకే. అవి ర్యాంకుల కోసం అనుకోవడం వల్లే వచ్చింది చిక్కంతా.

ఇప్పుడు మన ఇంటి సంగతి

ఫోన్లో క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆడే పిల్లలు మీ ఇంట్లో ఉంటే 'రష్డ్ బేస్' అంటే ఏమిటో అడిగి చూడండి. అక్కడ ఊరి మధ్య టౌన్ హాల్ ఉంటుంది. దాని లెవెల్ పెంచితే కొత్తవన్నీ తెరుచుకుంటాయి. కొంతమంది గోడలు, ఫిరంగులు, సైన్యం పాత లెవెల్లోనే వదిలేసి టౌన్ హాల్ లెవెల్ మాత్రం పెంచుకుంటూ పోతారు. చూడ్డానికి నంబరు పెద్దగా ఉంటుంది. కానీ ఆ లెవెల్‌కు తగ్గ రక్షణ ఉండదు. అన్నీ తెలిసి, వెనక పని ఎప్పుడు పూర్తి చేయాలో లెక్క వేసుకుని అలా చేసే అనుభవజ్ఞులూ ఉన్నారు. తెలియక చేసేవాళ్లే ఎక్కువ.

ఆరో తరగతి పిల్లవాడి చేతిలో ఇంటర్ ఫిజిక్స్ ఫార్ములాలు పెట్టినప్పుడు మనం చేస్తున్నది సరిగ్గా ఇదే. టౌన్ హాల్ లెవెల్ పెరిగింది. చుట్టాలొచ్చినప్పుడు చెప్పుకోవడానికి బాగుంటుంది. అదే పిల్లవాణ్ని మూడింట రెండు వంతులకీ, నాలుగింట మూడు వంతులకీ ఏది పెద్దదని అడగండి. ఆగిపోతే గోడలు ఎక్కడున్నాయో తెలిసిపోతుంది.

మన స్కూల్లోనూ ఫౌండేషన్ బ్యాచ్‌లున్నాయి. వాటిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆసక్తి ఉండి, క్లాసు పాఠం పట్టుబడిన పిల్లలకు అవి మంచి మేత. నేను అడిగేది వాటికి పెట్టే ఖర్చు గురించి. ఫీజు సంగతి కాదు. ఆ గంటలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? నిద్ర నుంచా, సాయంత్రం ఆటల నుంచా, కథల పుస్తకం నుంచా, అర్థం కాని పాఠాన్ని ఇంకోసారి అడిగే తీరిక నుంచా? పిల్లల జీవితంలో ఇవే విలేజర్లు. ఒక్కొక్కటీ కొంచెం కొంచెమే తెస్తుంది, కానీ చివరిదాకా తెస్తూనే ఉంటుంది. వీటిని సైనికులుగా మార్చి మొదటి దాడికి పంపేస్తే, గెలుపు ఆ దాడిలోనే వచ్చి తీరాలి. ఆరో తరగతిలో ఏ పరీక్షా ఆటను ముగించదు. ఇంటర్ సెకండియర్ దాకానే ఏడేళ్లుంది. ఆ తర్వాత డిగ్రీ ఉంది, ఉద్యోగం ఉంది, అప్పుడు కొత్తగా నేర్చుకోవాల్సినవి ఉన్నాయి.

రష్ సరైన చోటు కూడా ఉంది. పరీక్షకు నెల రోజులుంటే అన్ని చాప్టర్లూ మొదటి నుంచి చదవమని ఏ టీచరూ చెప్పరు. ఎక్కువ మార్కులొచ్చేవి ఎంచుకుని, పాత ప్రశ్నపత్రాలు చేయించి, ఉన్న బలమంతా అక్కడే పెడతాం. ఈఏపీసెట్‌కు ముందు వారాల్లో మేం చేయించేది రష్షే. ఆట ముగియడానికి దగ్గర పడింది కాబట్టి అది సరైన ఎత్తు. అదే ఎత్తు ఏడేళ్ల ముందు వేస్తే విత్తనాలు వండుకున్నట్టే.

అలాగే "మావాడు నిదానంగా వస్తాడులెండి" అని వదిలేయడమూ సరికాదు. ఎనిమిదో తరగతిలో భిన్నాలు రాకపోతే అది నిదానం అనిపించుకోదు, రక్షణ లేని ఊరు అనిపించుకుంటుంది. గుర్రపు రౌతును పంపాలి. వారానికొకసారి పిల్లల నోట్‌బుక్ తెరిచి, మార్కుల కంటే ముందు కొట్టివేతలు చూడండి. ఎక్కడ తడబడుతున్నారో అవే చెబుతాయి.

ఇంట్లో అడగాల్సిన మూడు ప్రశ్నలు

మ్యాచ్ అయ్యాక, గెలిచినా ఓడినా, పిల్లల్ని ఈ మూడూ అడగండి.

మొదటిది: "రష్ కోసం ఏం వదులుకున్నావు?" 

రెండోది: "అది పనిచేయట్లేదని ఎప్పుడు తెలిసింది?" 

మూడోది: "తెలిశాక ఏం చేశావు?"

చాలామంది పిల్లలు మొదటి ప్రశ్నకే తటపటాయిస్తారు. రెండు మూడు సార్లు అడిగాక వాళ్లే లెక్క వేసి చెప్పడం మొదలుపెడతారు. దాడి విఫలమైందని తెలిసీ ఇంకో నలుగురు సైనికుల్ని పంపడం, వెనక్కి తిరిగి పనివాళ్లను పెంచుకోవడం, ఈ రెండింటికీ ఉన్న తేడా పన్నెండేళ్ల పిల్లలకు మనం చెప్పే ఏ ఉపన్యాసంతోనూ ఇంత బాగా అర్థం కాదు. తర్వాత అవే మూడు ప్రశ్నలు మనల్ని మనం అడుగుకుందాం, పిల్లలకు పెట్టిన టైమ్‌టేబుల్ ముందు పెట్టుకుని.

అలాగని ఆటలకు అడ్డూ అదుపూ ఉండొద్దని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 జాబితాలో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చింది. అది 2022 నుంచి అమల్లో ఉంది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నీ వెనకబడిపోవడం దాని లక్షణాలు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల సంగతి పూర్తిగా వేరు. వాటిని నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టమే తెచ్చింది. స్ట్రాటజీ ఆటలైనా సరే, ముందే అనుకున్న టైమ్‌కు ఆపాలి, నిద్రకు గంట ముందే ఆపాలి. లేకపోతే పిల్లలు ఆటలో పెంచుకున్న విలేజర్ల కోసం తమ సొంత విలేజర్లను, అంటే నిద్రను, ఖర్చు చేసినవాళ్లవుతారు.

వచ్చే పీటీఎంలో "మావాడు సిలబస్‌లో ఎంత ముందున్నాడు?" అని మమ్మల్ని తప్పకుండా అడగండి. దాంతోపాటు ఇంకొకటి కూడా అడగండి: "అంత ముందుకు వెళ్లడానికి ఏం ఖర్చయింది?" దానికి సరైన జవాబు చెప్పాల్సిన బాధ్యత మాది. ఆ జవాబు విన్నాక ఏ క్లాసు నుంచి మొదలుపెట్టాలన్నది మనం కూర్చుని మాట్లాడుకుందాం.